డీజెడ్ అని నమ్మి ఆరేళ్లు నడిపిన నా 1969 కమారో

షెవ్రొలే వారి స్పోర్ట్స్ కారు కమారోలో జెడ్/28 రకం గుర్రపుబలం, గేర్లు, చారల రంగు గురించి తెలియనివారు ఈ సమీక్ష దాకా రారు. వాటిని వదిలేస్తున్నాను. నేను చెప్పేదంతా ఇంజన్ బ్లాకు మీద, కుడివైపు హెడ్డుకు (సిలిండర్ల పైమూతకు) ముందు, ఆల్టర్నేటర్ చాటున, ఇంజన్ గుర్తింపు ముద్ర కొట్టే చిన్న చదును గురించే.

కొన్న రోజు అక్కడ వి0415డీజెడ్ అని ఉంది. వి అంటే ఫ్లింట్ కర్మాగారం, 0415 అంటే ఏప్రిల్ 15, డీజెడ్ అంటే జెడ్/28 కోసమే చేసిన 302 ఘనపు అంగుళాల ఇంజన్. పక్కనే కారు నంబరు చివరి అంకెలు. బ్లాకు వెనక అంచున పోత తేదీ డి 3 9, అంటే 1969 ఏప్రిల్ 3. బానెట్ కింది రేకు మీద 04డి, ఏప్రిల్ నాలుగో వారం. దానితోపాటు ఎక్స్77, అంటే జెడ్/28. కారు నంబరులో ఎన్ అంటే నార్వుడ్. 1987లో మూతపడిన ఆ కర్మాగారం ఉన్న ఊరు సిన్సినాటిలోని మా ఇంటికి పావుగంట. పోత, కూర్పు, కారు, అన్నీ వరుసలో ఉన్నాయి. పెళ్లిళ్ల పేరయ్య తెచ్చిన జాతకంలా ఇంత చక్కగా కుదిరితేనే అనుమానించాలని అప్పుడు తోచలేదు. ఆ రెండక్షరాలకే బాగా ఎక్కువ ఇచ్చాను.

కొన్న కొత్తలో కనిపించినవారందరికీ ఒకటే చెప్పాను: 302కు కింది వేగంలో ఊపు ఉండదంటారు, నాది మాత్రం రెండో గేరులోనే కొండ ఎక్కేస్తుందని.

ఈ వేసవిలో ఇంజన్ వేడెక్కి తెల్లటి పొగ వదిలింది. హెడ్డు కింది గాస్కెట్టు పోయింది. మెకానిక్ కుడి హెడ్డు ఎత్తి నన్ను పిలిచాడు. కర్మాగారంలో బ్లాకు పైముఖాన్ని, ఈ చదునును కలిపి ఒకేసారి చెక్కుతారు. ఆ సన్నటి గీతలు దువ్వెన పెట్టినట్టు వెనక నుంచి ముందు దాకా సాగాలి. హెడ్డు కింద ఉన్నాయి. హెడ్డు అంచు దగ్గర ఆగిపోయాయి. అక్కడి నుంచి సానరాయి తిప్పిన సుడులే. గోరు పెట్టి లాగితే చిన్న మెట్టు తగిలింది. పాత ముద్రను అరగదీసి కొత్తది కొట్టారన్నమాట. క్రాంకు తిప్పి కొలిస్తే, మూడు అంగుళాలు దిగాల్సిన పిస్టన్ దాదాపు మూడున్నర దిగింది. అది 302 కాదు, ఇంకా పెద్దదైన 350, కింది వేగంలో ఊపు ఎక్కువుండేది.

పోత తేదీలో సంవత్సరానికి ఒక్క అంకే ఉంటుంది. నా 3970010 రకం బ్లాకును 1979లోనూ పోశారు. ఆ తొమ్మిది ఏ తొమ్మిదో!

నేను మెచ్చుకున్న ఊపే సాక్ష్యం. ఆరేళ్లు దాన్ని పొగుడుతూ తిరిగాను. అమ్మినవాడికి తెలుసో, వాడినీ ఎవరో మోసగించారో.

అయితే ఎక్స్77 రేకు, దాని రివెట్లు అసలువే. కారు జెడ్/28యే, గుండె మాత్రం అరువు. పెట్టుబడి కోసం కొనేవారికి నా అనుభవం చేదుగానే ఉంటుంది. నాకు అమ్మే ఉద్దేశం లేదు, మంచు కాలంలో బయటికి తీయను, ఆదివారాలు మా నాన్నగారిని ఎక్కించుకుని నది దాకా వెళ్లడమే పని. అసలైన 302 వెతికి పెట్టమంటారా అని మెకానిక్ అడిగాడు. కొత్త గాస్కెట్టు వేసి మూసేయమన్నాను. ముద్ర మీద ముద్ర కొట్టిన ఆ చదునును మాత్రం తుడిచి ఫొటో తీసి ఉంచాను.