చలిజ్వరానికి స్లైడ్ చూపించాలంటే: పెరంబూరులో మందుల షాపు మీది ల్యాబ్

పెరంబూరు రైల్వే స్టేషన్ దగ్గర, ఒక మందుల షాపు పైన మొదటి అంతస్తులో ఉంటుంది ఈ ల్యాబ్. మెట్లు ఇరుకు, పెద్దవాళ్లను ఎక్కించడం కష్టం. బోర్డు కూడా సరిగ్గా కనపడదు. అయినా జ్వరం చూసి మలేరియా ఏమోనని ఎవరైనా అనుమానపడితే చెన్నైలో నేను ముందు చెప్పేది ఈ చోటే.

మా మరిది ఉద్యోగానికని నెల్లూరు నుంచి వచ్చి మా ఇంట్లోనే ఉంటున్నాడు. ఒకరోజు ఒళ్లు కాలిపోయే జ్వరం, మర్నాడు ఏమీ లేనట్టు లేచి తిరగడం, ఆ మర్నాడు మళ్లీ దుప్పట్లు కప్పినా ఆగని వణుకు. మొదట వెళ్లిన ఆసుపత్రిలో ప్లేట్‌లెట్లు తగ్గాయని చూసి డెంగ్యూ పరీక్ష ఒక్కటే రాశారు. అది నెగటివ్. పారాసిటమాల్ ఇచ్చి, ప్లేట్‌లెట్లు ఇంకా పడితే అడ్మిట్ చేయాలన్నారు. ఇంటిల్లిపాదికీ ఒకటే టెన్షన్. చివరికి మందుల షాపతనే, "రోజు విడిచి రోజు వస్తోందా అమ్మా? పైకి తీసుకెళ్లి స్లైడ్ చూపించండి" అన్నాడు.

ల్యాబ్ పెద్దాయన చిత్తూరు వైపు మనిషి, చక్కగా తెలుగు మాట్లాడతారు. వేలి చివర సూదితో పొడిచి, కార్డు టెస్ట్‌కి ఒక చుక్క, స్లైడ్ మీద మందంగా ఒక పూత, పల్చగా ఒక పూత తీసుకున్నారు. కార్డు మీద గీత రాగానే చాలాచోట్ల పని అయిపోయిందనుకుంటారు. ఈయన అలా కాదు. "ఉందా లేదా అని కార్డు చెప్తుంది బాబూ. ఎన్ని ఉన్నాయో స్లైడే చెప్పాలి" అని మరిదికి చెప్పి మైక్రోస్కోప్ ముందు కూర్చున్నారు. వచ్చింది మలేరియాలో వైవాక్స్ అనే రకం.

నేను చూడొచ్చా అని అడిగితే తన స్టూల్ ఇచ్చారు. గులాబీ రంగు కణాల మధ్య ఒకటి మిగతావాటికంటే ఉబ్బి, పాలిపోయి ఉంది. దాని లోపల సన్నటి నీలం ఉంగరం, ఆ ఉంగరం మీద ఎర్రటి చుక్క. పరాన్నజీవి అదేనట. తర్వాత స్లైడ్ కొంచెం జరిపి ఒక పెద్ద తెల్ల రక్తకణం చూపించారు. దాని కడుపులో ముదురు గోధుమరంగు నలుసులు. పరాన్నజీవి మన హిమోగ్లోబిన్‌ను తిని, అందులోంచి వచ్చే విషాన్ని అలా గట్టి రేణువులుగా మార్చి పక్కన పెట్టుకుంటుంది. ఎర్రకణం పగిలాక బయటపడిన ఆ చెత్తనంతా తెల్లకణాలు మింగుతాయి. ఒంట్లో జరిగే పోరాటం అంటూ పుస్తకాల్లో చదవడం వేరు, మింగిన కణాన్ని కంటితో చూడటం వేరు.

ఆ వణుకు గురించీ అప్పుడే అర్థమైంది. వైవాక్స్ అయితే సుమారు 48 గంటలకోసారి ఎర్రకణాలు గుంపుగా పగులుతాయి. ఆ చెత్త తగలగానే తెల్లకణాలు టీఎన్‌ఎఫ్ లాంటి రసాయనాలు వదులుతాయి, మెదడు ఒంటి వేడిని పెంచుతుంది. అంటే మనిషిని వణికించేది మన రోగనిరోధక వ్యవస్థే. ప్లేట్‌లెట్లు తగ్గడంలోనూ దానికి భాగం ఉంది, కొన్ని ప్లీహంలో (ఎడమ డొక్కలో ఉండే స్ప్లీన్) చిక్కుకుపోతాయి కూడా. మలేరియా తగ్గితే చాలావరకు అవే పెరుగుతాయని విన్నాక ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం.

పక్క గదిలో సాయంత్రాలు ఒక డాక్టర్ కూర్చుంటారు. మూడు రోజుల క్లోరోక్విన్ రాశారు. పరాన్నజీవి ఆ విషాన్ని రేణువులుగా మార్చుకోకుండా క్లోరోక్విన్ అడ్డుపడుతుంది, దాని విషంతో అదే చస్తుంది. నేను మైక్రోస్కోప్‌లో చూసిన గోధుమ నలుసుల కథే ఇది. ప్లీహం వాచి ఉంది కాబట్టి కొన్నాళ్లు బరువులెత్తొద్దు, ఎడమ డొక్కకు దెబ్బ తగలనివ్వొద్దు అన్నారు. ఈ మాట ఆసుపత్రిలో ఎవరూ చెప్పలేదు.

ఈ చోటుకి నేను పూర్తి మార్కులు వేసేది మాత్రం ఆ తర్వాతి సంగతికి. జ్వరం తగ్గగానే మా మరిది, "ఇంకెందుకు వదినా మందులు" అన్నాడు. కానీ వైవాక్స్ పరాన్నజీవుల్లో కొన్ని కాలేయ కణాల్లో నిద్రపోతూ ఉండిపోతాయి. అక్కడ వాటిని మన తెల్లకణాలు పసిగట్టలేవు, క్లోరోక్విన్ చంపలేదు. వారాలకో నెలలకో లేచి మళ్లీ జ్వరం తెస్తాయి. వాటికోసమే 14 రోజుల ప్రైమాక్విన్. అది మొదలుపెట్టే ముందు జీ6పీడీ అనే ఎంజైమ్ పరీక్ష చేయించాల్సిందేనన్నారు, ఎందుకంటే ఆ ఎంజైమ్ తక్కువగా ఉన్నవాళ్లకు ఈ మందుతో ఎర్రకణాలు పగిలిపోతాయి. గర్భిణులకు అసలు ఇవ్వరు. మరిదికి ఎంజైమ్ సరిగ్గానే ఉంది. కోర్సు మధ్యలో ల్యాబ్ నుంచి ఫోన్ చేసి "మానేయలేదు కదా బాబూ, మూత్రం రంగు మారిందా?" అని అడిగారు. డబ్బు తీసుకుని రిపోర్టు చేతిలో పెట్టేశాక ఫోన్ చేసి అడిగే ల్యాబ్ ఇంకొకటి నాకు తెలియదు.

ఒకసారి వచ్చింది కాబట్టి ఇక రాదనుకోవడం తప్పని కూడా గట్టిగా చెప్పారు. మలేరియాకి ఒంట్లో పుట్టే రక్షణ అరకొర. ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ సోకే ప్రాంతాల్లో పెద్దవాళ్లకు కొంత వస్తుంది, ఆ ఊరు వదిలి కొంతకాలమైతే అదీ తగ్గిపోతుంది. పుణెలో తయారయ్యే ఆర్21 టీకా గురించి అడిగాను. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన మాట నిజమే కానీ అది ఫాల్సిపారం అనే ఇంకో రకం మలేరియాకి, అదీ పిల్లలకు. మన ఓవర్‌హెడ్ ట్యాంకుల్లో, బావుల్లో పెరిగే దోమ తెచ్చే వైవాక్స్‌కి అది పనికిరాదు.

లోటుపాట్లూ ఉన్నాయి. జీ6పీడీ శాంపిల్ బయటికి పంపుతారు, ఫలితం వెంటనే రాదు. రిపోర్టు అంతా ఇంగ్లిష్‌లోనే, కింద తెలుగులోనో తమిళంలోనో రెండు ముక్కలు రాస్తే ఎంతో మేలు. పెద్దాయన లేని రోజు స్లైడ్ చూసే కుర్రాడు ఇంకా నేర్చుకుంటున్నాడు, కాబట్టి ముందు ఫోన్ చేసి ఆయన ఉన్నారో లేదో కనుక్కుని వెళ్లండి. పరగడుపున వెళ్లక్కర్లేదు. పాత రిపోర్టులుంటే తీసుకెళ్లండి, ఆయన ప్రతి కాగితం చదువుతారు.