పరీవాహక ప్రాంతానికి సౌరశక్తి మ్యాపు: ఉపగ్రహ డేటానా, ఎత్తుల డేటాతో లెక్కా?

ఖర్చు: రెండూ ఉచితమే. నాసా పవర్ అనే సేవ ఇచ్చే ఉపగ్రహ డేటాకు డబ్బు కట్టక్కర్లేదు. ఎస్ఆర్‌టీఎం అనే నేల ఎత్తుల డేటాకూ, గ్రాస్ జీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లోని, ఎండ లెక్కకట్టే ఆర్.సన్‌కూ అంతే.

శ్రమ: మొదటిది డౌన్‌లోడ్ చేసుకుంటే పనైపోయినట్టే. రెండోదానికి వాలు, వాలు దిశ, నీడ అన్నీ లెక్కకట్టాలి. పాత కంప్యూటరైతే ఓపిక కావాలి.

వివరం: అసలు తేడా ఇక్కడే. నాసా పవర్‌లో సౌర వికిరణం గడి 1 డిగ్రీ, భూమధ్యరేఖ దగ్గర సుమారు 111 కిలోమీటర్లు. చిన్న వాగు పరీవాహకం ఒకే గడిలో పడితే మ్యాపంతా ఒకే రంగు! అది మ్యాపెలా అవుతుంది? ఎస్ఆర్‌టీఎం గడి సుమారు 30 మీటర్లు. లోయలో పడే కొండ నీడా తెలుస్తుంది, ఉత్తరార్ధగోళంలో దక్షిణం వాలుకు ఎక్కువ ఎండ తగలడమూ తెలుస్తుంది.

రిస్క్: ఉపగ్రహ డేటాలో మబ్బుల లెక్క ఉంటుంది, కొండ నీడ ఉండదు. ఆర్.సన్‌లో నీడ ఉంటుంది. మబ్బుల సంగతి మనం చెప్పకపోతే ఏడాదంతా ఆకాశం నిర్మలమే అనుకుంటుంది. అంకెలు ఉబ్బిపోతాయి.

పెద్ద నదీ పరీవాహకాలను పోల్చడానికి ఉపగ్రహ డేటా చాలు. కొండల్లో ప్యానెళ్లు ఏ వాలు మీద పెట్టాలో తేలాలంటే ఆర్.సన్ వాడండి, మబ్బుల లెక్క మాత్రం ఉపగ్రహ డేటా నుంచే తెచ్చుకోండి.