రోడ్ టు రికవరీ: చెక్‌పోస్టు నుంచి ఆసుపత్రి దాకా

పాలస్తీనా రోగులను, ముఖ్యంగా పిల్లలను, ఇజ్రాయెలీ వాలంటీర్లు సొంత కార్లలో ఇజ్రాయెల్ ఆసుపత్రులకు ఉచితంగా చేర్చే సేవ ఇది. 1993లో హమాస్ చేతిలో సోదరుణ్ణి పోగొట్టుకున్న యువాల్ రోత్ మొదలుపెట్టారు.

కారు దొరకడం పెద్ద కష్టం కాదు. చిక్కంతా ఇజ్రాయెల్‌లోకి రావడానికి ఆ ప్రభుత్వం ఇవ్వాల్సిన పర్మిట్ దగ్గరే. ఆసుపత్రి అపాయింట్‌మెంట్, ఖర్చుకు హామీ పత్రం చేతిలో ఉన్నా, రోగికీ వెంట వచ్చేవారికీ విడివిడిగా అనుమతి రావాలి. తల్లికి రాకపోతే బిడ్డ వెంట అమ్మమ్మో నాయనమ్మో బయల్దేరాలి. ఇద్దరికీ ఆలస్యమైతే కీమో వాయిదా తప్పుతుంది.

వెస్ట్ బ్యాంక్, ఇజ్రాయెల్ మధ్య ఉన్న తార్కుమియా లాంటి చెక్‌పోస్టుల్లో రోగి నడిచే దాటాలి, వాలంటీరు కారు ఇజ్రాయెల్ వైపే ఆగుతుంది. నీరసంగా ఉన్న పిల్లలకు ఆ క్యూ నరకం. అవతల ఊరిదాకా ప్రయాణ ఖర్చు కుటుంబానిదే.

2023 అక్టోబర్ 7న హమాస్ చేసిన దాడిలో శాంతి కార్యకర్త వివియన్ సిల్వర్‌తో సహా కొందరు వాలంటీర్లు చనిపోయారు. అయినా వెస్ట్ బ్యాంక్ ట్రిప్పులు మళ్లీ మొదలయ్యాయి. గాజా నుంచి ఇజ్రాయెల్‌లోకి వచ్చే ఎరెజ్ చెక్‌పోస్టు మూతపడ్డాక గాజా పిల్లలకు మాత్రం ఈ దారి తెగిపోయింది.

సేవకు పూర్తి మార్కులు వేస్తాం. ఆ పర్మిట్ పద్ధతికి సున్నా. చికిత్స హక్కుగా అందాలి, ఒక అధికారి దయగా కాదు.