మిలిటరీ విమానాల టెక్ పబ్స్‌లో, అంటే మెయింటెనెన్స్ మాన్యువల్స్ తయారుచేసే పనిలో, ప్రొసీజర్లు రాయడమా, పార్ట్స్ కేటలాగ్ చూసుకోవడమా?

ఎస్1000డి (టెక్నికల్ మాన్యువల్స్‌కి వాడే అంతర్జాతీయ స్టాండర్డ్) ప్రాజెక్ట్ అయితే రెండూ ఎక్స్‌ఎంఎల్‌లో ఉండే డేటా మాడ్యూల్సే, అంటే మాన్యువల్‌ని విడగొట్టి రాసే చిన్న చిన్న ఫైళ్ళే, కానీ పని మాత్రం అస్సలు ఒకటి కాదు.

ప్రొసీజర్ల వైపు రూల్స్ బాగా ఎక్కువ. సింప్లిఫైడ్ టెక్నికల్ ఇంగ్లీష్ (మాన్యువల్స్ కోసం పదాలకీ వాక్యాలకీ రూల్స్ పెట్టిన తేలిక ఇంగ్లీష్) వాడితే ప్రొసీజర్‌లో ఒక వాక్యం 20 పదాలు దాటకూడదు, వార్నింగ్ ఏమో స్టెప్పుకి ముందే రావాలి. హైడ్రాలిక్ లైన్ విప్పమని రాసేసి ఆ తర్వాత తీరిగ్గా లోపల ప్రెషర్ ఉంటుంది జాగ్రత్త అంటే ఏం లాభం, మెకానిక్ అప్పటికే స్పానర్ తిప్పేసుంటాడు కదా! పైగా ముఖ్యమైన పనులు విమానం దగ్గరే చేసి చెక్ చేస్తారు, అక్కడ చెయ్యి కూడా పట్టని చోట బోల్ట్ ఉందని తేలితే మళ్ళీ మొదటికే.

కేటలాగ్‌లో రాత తక్కువ. ఫిగర్, ఐటెమ్ నంబర్, పార్ట్ నంబర్, క్వాంటిటీ, అంతే. తేలిగ్గానే కనిపిస్తుంది గానీ మాడిఫికేషన్ అయిన విమానాలకి ఒక పార్టు, కానివాటికి ఇంకోటి ఉంటుంది, అవి కలగలిసిపోతే స్టోర్స్ నుంచి తప్పు పార్టు వస్తుంది, విమానం నేలమీదే ఉండిపోతుంది. డ్రాయింగులు చదవడం ఇష్టమైనవాళ్ళకి ఇదే బెటర్.

నన్నడిగితే హ్యాంగర్‌లో పనిచేసి వచ్చినవాళ్ళు ప్రొసీజర్లే తీసుకోవాలి, ఏ స్టెప్పు దగ్గర చెయ్యి ఇరుక్కుంటుందో డ్రాయింగ్‌లో కనపడదు, వాళ్ళకే తెలుస్తుంది.