కేప్ దున్న వేటకు స్విఫ్ట్ ఎ-ఫ్రేమ్ 300 గ్రెయిన్ తూటా

ఆఫ్రికాలో లైసెన్సు మీద .375 హెచ్ అండ్ హెచ్ రైఫిల్‌తో కేప్ దున్నను వేటాడేవాళ్లు మొదటి దెబ్బకు 300 గ్రెయిన్ (దాదాపు 19 గ్రాముల) బరువుండే ఈ తూటాను నిశ్చింతగా నమ్మొచ్చు. మధ్యలో రాగి అడ్డుగోడ ఉంటుంది. ముందు భాగం పుట్టగొడుగులా విచ్చుకున్నా వెనక భాగం చెదరకుండా లోతుకు దిగుతుంది.

అయితే గురి సరిగ్గా ఉండాలి. దున్న పక్కకు తిరిగి నిలబడితే ముందు కాలి వెంబడే చూపు పైకి తెచ్చి, ఒంటి ఎత్తులో కింది మూడో వంతు దగ్గర ఆపాలి. గుండె అంత కిందే ఉంటుంది. ఎత్తైన మూపు చూసి చాలామంది పైకి కొడతారు. గాయపడ్డ దున్న పొదల్లో దూరుతుంది, అసలు ప్రమాదం అప్పుడే. ఏటవాలుగా ఎదురొస్తే భుజం మొనకు లోపలి వైపు కొట్టాలి. వెనక నుంచి ఏటవాలుగా మొదటి దెబ్బ వద్దే వద్దు: గడ్డితో నిండిన పొట్ట ఈ తూటానూ ఆపేస్తుంది. రైఫిల్ మ్యాగజైన్‌లో (తూటాల అరలో) దీని కింద సాలిడ్లు, అంటే విచ్చుకోని గట్టి తూటాలు పెట్టుకోండి. వెనక మంద ఉంటే మాత్రం సాలిడ్ కాల్చకండి, అది దూసుకుపోయి ఇంకో దున్నకు తగలొచ్చు.