రైతు బజారా, రైతుతో వాటానా? నెల్లూరులో ఏది మేలు?

పోయిన సెప్టెంబరులో మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్ పక్కన ఒక కాగితం అంటించారు. పెన్నా అవతల రెండెకరాల్లో ప్రకృతి సేద్యం చేసే రైతు ఒకాయన, ముప్పై ఇళ్లు చేరితే వారం వారం కూరగాయల సంచి ఇస్తాడట. మూడు నెలల డబ్బు ముందే కట్టాలి. ఏమేం వస్తాయని అడిగితే "తోటలో ఏవుంటే అవేనమ్మా" అన్నాడు. ఆ మాటతో సగం మంది వెనక్కి తగ్గారు. నేను కట్టాను. మా అత్తయ్య మాత్రం ఫత్తేఖాన్‌పేట రైతు బజారు మానలేదు. అలా ఒకే వంటింట్లో రెండూ నడిచాయి.

ఈ పద్ధతిని కమ్యూనిటీ సపోర్టెడ్ అగ్రికల్చర్ అంటారు, అంటే రైతు పంటలో తినేవాళ్లూ వాటా తీసుకోవడం. జపాన్‌లో 1970ల్లోనే 'తెయికెయి' పేరుతో గృహిణులు రైతులతో నేరుగా ఇలాంటి ఒప్పందాలు చేసుకున్నారు. అమెరికాలో 1986లో రెండు తోటలతో మొదలైంది. విత్తనం వేయకముందే తినేవాళ్లు డబ్బు పెడతారు. పంట విరగ్గాస్తే సంచి నిండుతుంది, పోతే వాళ్లకీ పోతుంది. పాలపొట్లం చందాలాంటిది అనుకుని చేరితే మాత్రం నెలలోపే గొడవ.

ధర సంగతికొస్తే, రైతు బజారే గెలుస్తుంది. 1999 జనవరి 26న మొదలైన ఈ బజార్లలో పొద్దున్నే బోర్డు మీద రేటు రాస్తారు, మధ్యలో దళారి ఉండడు. పైగా ఏరుకోవచ్చు. మా అత్తయ్య వంకాయను తిరగేసి, తొడిమ దగ్గర నొక్కి, పుచ్చు అని తేలిస్తే పక్కకి నెట్టేస్తుంది. సంచిలో వచ్చిన పుచ్చు వంకాయని ఎక్కడికి నెడతాం? ఆ భాగం కోసేసి వండుకోవడమే.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. సంచి వచ్చినా బజారుకి పోక తప్పదు. ఎర్రగడ్డలు కర్నూలు వైపు నుంచి, టమాటాలు మదనపల్లె నుంచి రావాల్సిందే. ఉర్లగడ్డలు, క్యారెట్ల మాట సరేసరి. మన తోటలో పండేవే సంచిలోకి వస్తాయి: సొర, బీర, పొట్ల, మటిక్కాయలు (గోరుచిక్కుళ్లు), ఆకుకూరలు. పిల్లలు క్యాబేజీ కోసం పేచీ పెట్టే ఇంట్లో ఇది కాస్త కష్టం. (ఇంటికి తెచ్చిచ్చే యాప్‌లూ చూశాను. వాటికి కాలంతో పనిలేదు, రుచితోనూ పెద్దగా పనిలేదు. వాటిని పక్కన పెడుతున్నాను.)

ఇక వానల దగ్గరికి వద్దాం. నెల్లూరుకి అసలు వానలు ఈశాన్య రుతుపవనాలవి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మేం చేరింది సరిగ్గా అప్పుడే. నవంబరులో వరసగా మూడు వారాలు సొరకాయ, బచ్చలి, మునగాకు, అరటికాయలు. నాలుగో వారం సంచే రాలేదు. తోటకూర మడి నీళ్లలో కుళ్లిపోయిందట. గ్రూపులో ఒకరు "మా డబ్బులు మాకిచ్చేయండి" అని పెట్టారు. నాకూ కడుపు మండింది, అబద్ధం చెప్పను.

ఆ ఆదివారం తోట చూసొద్దామని నలుగురం వెళ్లాం. మడుల్లో మోకాలి లోతు బురద. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫానుకి కూడా ఇలాగే మునిగిందని చెప్పాడాయన. "అప్పుడు మొత్తం నా నెత్తినే పడిందమ్మా. ఈసారి ముప్పై ఇళ్లు పంచుకున్నాయి" అన్నాడు. ఇంకెవరం ఏమీ మాట్లాడలేదు. రైతు బజారులో ఆ వారం ఆకుకూర రేటు పెరిగుంటుంది, మనం కొనకుండా వచ్చేస్తాం, అంతే. కూర లేని రైతు అక్కడికి రానే రాడు కాబట్టి అతని నష్టం మన కళ్ల పడదు.

అదే రోజు షెడ్డులో, రసాయన ఎరువుల బదులు మడులకి పోసే జీవామృతం డ్రమ్ము చూపించాడు. 200 లీటర్ల నీళ్లు, పది కిలోల పేడ, గోమూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, గట్టు మీది మట్టి గుప్పెడు. వాసన చూస్తే నమ్మకం కుదిరిందని కాదుగానీ, ఏ వారమైనా చెప్పకుండా వెళ్లి చూడొచ్చు కదా! బజారులో 'ఆర్గానిక్' అని రాసిన గంప ముందు మనకి ఆ వీలు లేదు.

సంక్రాంతి దాటాక సంచి బరువెక్కింది. చిక్కుడుకాయలు, లేత వంకాయలు, ముల్లంగి, మెంతికూర. పక్క ఫ్లాట్ ఆవిడ చేతిలో సంచి చూసి "ఇప్పుడు చేరతాను" అంది. తెలివైన ఆలోచనే. వానాకాలం కష్టం మనకి, పండిన కాలం సుఖం ఆవిడకి. కానీ రైతుకి విత్తనాలకీ కూలీలకీ డబ్బు కావాల్సింది అక్టోబరులో. అందరూ సంక్రాంతి తర్వాతే కడితే అది వాటా అవదు, ఇంటి ముందుకొచ్చిన రైతు బజారే అవుతుంది. ఆయన ఆవిడని చేర్చుకున్నాడుగానీ, మాకన్నా ఎక్కువ రేటుకి.

అందుకే నా మాట ఇది. ఇవాళ ఏం వండాలో ముందు అనుకుని తర్వాత కూరలు తెచ్చుకునే ఇల్లయితే రైతు బజారే మేలు, సందేహం లేదు. నెలాఖరుకి చెయ్యి బిగిసే ఇళ్లకీ అదే మేలు, మూడు నెలల డబ్బు ఒకేసారి బయటికి తీయడం చిన్న విషయం కాదు. ఉన్నదాన్ని చూసి వండుకోగలిగి, ఒక వారం సంచి రాకపోయినా ఓర్చుకోగలిగితే వాటాలో చేరండి. చేరితే మాత్రం వానలకు ముందే కట్టండి.

నేను ఈ అక్టోబరుకి మళ్లీ కడుతున్నాను. ఒక్కటే అడిగాను, సంచి ఆదివారం వద్దని. ఆ రోజు మా ఇంట్లో చేపల పులుసు తప్ప ఇంకేదీ పొయ్యెక్కదు. ఆకుకూర సోమవారానికి వాడిపోతోంది.