ఫోన్ కంపెనీ పీఆర్ వాళ్ళ సర్వీస్‌కి నేనిచ్చేది ఐదుకి రెండున్నర

ఫోన్ల మీద రివ్యూలు అందరూ రాస్తారు, ఆ కంపెనీల పీఆర్ టీమ్ (కంపెనీ తరఫున పేపరోళ్ళతో మాట్లాడేవాళ్ళు) మీద ఎవురూ రాయరు. నేను నెల్లూరులో ఒక పేపర్‌కి రాస్తా ఉండా, గాడ్జెట్లు కూడా చూస్తా. కంపెనీ పేరు మాత్రం చెప్పను, చెప్తే రివ్యూకి ఫోన్ పంపరు (ఇప్పుడేదో పంపతా ఉన్నట్టు).

ముందు లాంచ్ సంగతి. సింహపురి రైలెక్కి రాత్రంతా కూర్చోని సికింద్రాబాద్‌లో దిగి, మా బావ రూమ్‌లో స్నానం చేసి హోటల్‌కి పోతే గేటు కాడే నా ఫోన్ కెమెరాకి స్టిక్కర్ అంటించి నాలుగు పేజీల కాయితం మీద సంతకం పెట్టించుకున్నారు. కొత్త ఫోన్ చేతికిచ్చి పది నిమిషాలు, పక్కనే ఒక పిల్లోడు కాపలా. బ్యాటరీ ఎంత బాబూ అంటే "ఆ డీటెయిల్ షేర్ చెయ్యట్లేదు సర్" అన్నాడు. ఫోన్ నా చేతిలోనే ఉంది, బరువుగా ఉందని రాయాలన్నా వాళ్ళు చెప్పిన తేదీ, చెప్పిన టైమ్ దాటాలంట, దాన్నే ఎంబార్గో అంటారు. భోజనం బాగుంది, చేపల పులుసు మాత్రం పులుసు కాదు. రివ్యూ యూనిట్, అంటే వాడి చూసి రాయను ఇచ్చే ఫోన్, అడిగితే "నెక్స్ట్ బ్యాచ్ సర్". ఆ బ్యాచ్ ఇంకా రాలా.

ఇదేం కొత్త కాదులే. 2007లో మొదటి ఐఫోన్‌ని ఆపిల్ వాళ్ళు ముందుగా రివ్యూకి ఇచ్చింది అమెరికాలోనే నలుగురు జర్నలిస్టులకి, అక్కడే అట్టా ఉంటే మన స్టోన్‌హౌస్‌పేటకి ఎవుడు పంపతాడు. 2010లో వాళ్ళ ఇంజినీర్ ఒకాయన కొత్త ఐఫోన్‌ని బార్‌లో మర్చిపోయి వస్తే గిజ్మోడో అనే గాడ్జెట్ల వెబ్‌సైట్ వాళ్ళు దాన్ని 5,000 డాలర్లకి కొని లోపలి భాగాలు కూడా చూపించేశారు, పోలీసులు వాళ్ళ ఎడిటర్ ఇంటికొచ్చి కంప్యూటర్లు పట్టుకుపోయారు, ఆ జూన్‌లో జరిగిన ఆపిల్ ఈవెంట్‌కి గిజ్మోడోకి పిలుపే లేదు. తిట్టరు, కొట్టరు, పిలవరు అంతే. మా ఊళ్ళో పెళ్ళికార్డు ఆపేసినట్టు.

సరే నా కథకి వస్తా. స్టోన్‌హౌస్‌పేటలో టైలర్ ఒకాయన కొన్న ఈ కంపెనీ ఫోనే పద్నాలుగు నెలలకే పూరీ లాగా ఉబ్బింది, వెనక మూత లేచి గోరు దూరతా ఉంది. సర్వీస్ సెంటర్‌లో వారంటీ అయిపోయింది డబ్బులు కట్టమన్నారంట. నేను పీఆర్‌కి అయిదు ప్రశ్నలు మెయిల్ కొట్టినా, ఇట్టాంటివి ఎన్ని వచ్చినాయి, ఎందుకు ఉబ్బతా ఉండాయి, ఇట్టా. నాలుగు రోజులు ఉలుకూ పలుకూ లేదు, కంపెనీ మాట లేకుండా వార్త వెయ్యం అన్నారు మా పేపర్ డెస్క్ వాళ్ళు. అయిదో రోజు పీఆర్ అతని ఫోన్. "అన్నా భోంచేశారా, ఇది ఆఫ్ ది రికార్డ్ అన్నా" (అంటే పేపర్లో రాయబాకని) అని మొదలుపెట్టి ఇరవై రెండు నిమిషాలు మాట్లాడినాడు, పెట్టినాక నా నోట్‌బుక్ చూసుకుంటే "క్వాలిటీ" అని ఒక్క ముక్క ఉంది. మాటకారితనానికి నాలుగు స్టార్లు ఇవ్వచ్చు. చివర్లో టైలర్ నంబరు, బిల్లు, ఐఎంఇఐ (ఒక్కో ఫోన్‌కి ఉండే గుర్తు నంబరు) అడిగినాడు, ఇచ్చేశా, అదే నా తప్పు.

మూడో రోజుకి టైలర్‌కి కొత్త ఫోన్ వచ్చింది! ఆయన మలై కాజా డబ్బా పట్టకొచ్చి "ఇంక రాయబాకన్నా, మంచోళ్ళు" అన్నాడు. కస్టమరే సంతోషంగా ఉంటే వార్త ఏముందని డెస్క్ వాళ్ళు కూడా పక్కన పెట్టేశారు. అబద్ధం చెప్పలా, బెదిరించలా, మనిషికి జవాబు చెప్పి ప్రశ్నకి ఎగ్గొట్టినారు. ఈ పనితనానికి ఏం రేటింగ్ ఇవ్వాలో తెలీకే సగం ఇచ్చినా. నాకు మండిందా అంటే మండింది, కానీ టైలర్‌కి పదిహేను వేలు మిగిలినాయి, కాదనలేను గదా.

ఇప్పుడు అసలు తంటా. టైలర్ ఊరంతా చెప్పుకున్నాడు. ఉబ్బిన ఫోన్లు పట్టుకుని ఇంకో ముగ్గురు నా కాడికి వచ్చినారు, "నాక్కూడా ఒక మెయిల్ కొట్టన్నా" అని. ముగ్గురివీ కలిపి కొట్టినా. "విల్ రివర్ట్" (మళ్ళీ చెప్తాం) అని రెండు ముక్కలు వచ్చి పంతొమ్మిది రోజులైంది. కోవూరాయన అయితే పిల్లలుండే ఇంట్లో పెట్టుకోవాలంటే భయమన్నా, నీ కాడే ఉండనీ అని ఫోన్ నా టేబుల్ మీద పెట్టి పోయినాడు. వరండాలో ఇసక బకెట్‌లో పెట్టుండా.